పాత తెప్ప అడుగున

సముద్రంలో వలగూళ్లు కట్టి చేపలు పెంచేచోట ఆమె పదిహేనేళ్లుగా నీళ్లలోకి దిగి వలలు కడుగుతోంది. రెండుసార్లు మందు పెట్టినా చేపల రక్తంలో పురుగు మళ్లీ పుట్టుకొస్తోంది. ఇంకో విడత చేపలు చచ్చాయంటే గూళ్లు మూసేస్తారు. ఆ పురుగు పిల్లలు పెరిగేది నత్తల్లో. నత్తలేమో పక్కనే కట్టిన పాత తెప్ప అడుగున గుత్తులుగా ఉన్నాయి.

"ఆ తెప్ప తీయించు బావా," అని అక్కడే మేస్త్రీగా ఉన్న అక్కమొగుడికి నెలనుంచీ చెబుతోంది.

"నేను నడుం వాల్చేది దానిమీదే కదే. నోరులేని నత్తలు నిన్నేం చేశాయి?"

"నీకు చెప్పీ చెప్పీ నా నోరే అరిగిపోయింది."

మధ్యాహ్నం అతను గుర్రుపెట్టగానే తెప్పను పడవకు కట్టి ఒడ్డుకు లాక్కొచ్చింది. తెప్ప ఇసుకకు తగిలేసరికి బావ కళ్లు తెరిచాడు.

"చేపలేవే?"

"అక్కడే ఉన్నాయి. నత్తలూ నువ్వూ వచ్చేశారు."