కాంపౌండరమ్మ ఆదివారాలు

కాంపౌండరమ్మకు కోపం చప్పున రాదు. వస్తే మాత్రం ఇంట్లో మనిషిలా ఉండిపోతుంది.

పశువుల ఆసుపత్రిలో ఆమె కాంపౌండరు. ఊరి పైనున్న కొండవాలంతా పాడి రైతులే. ఆవుకు ఈత కష్టమైనా, దూడ మేత ముట్టకపోయినా ఫోను ఆమెకే వచ్చేది. ఆ మట్టి దారుల్లో ఎనిమిదేళ్ళు స్కూటరు మీద తిరిగి, నడుము విరగ్గొట్టుకునేంత పని రెండుసార్లయ్యాక, ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొనాలనుకుంది. కొత్తది కొనే తాహతు లేదు. బస్టాండు వెనక పాత జీపులూ పెద్ద బళ్ళూ అమ్మే ఆవరణ ఒకటుంది. దాని యజమానిని అందరూ నవ్వులాయన అంటారు. బేరం కుదిరినా నవ్వుతాడు, చెడినా నవ్వుతాడు.

"పదిహేనేళ్ళ బండే గానీ చెల్లెమ్మా, గుర్రమనుకోండి. కొండెక్కాక దిగనని మారాం చేస్తుంది" అన్నాడాయన. గేరు పక్కనున్న చిన్న లీవరు లాగి చూపించాడు. స్టీరింగు ముందు ఆకుపచ్చ దీపం వెలిగింది. నాలుగు చక్రాలూ లాగుతున్నాయనడానికి అదే గుర్తన్నాడు. ఆమె నమ్మింది. బండిని ఉన్నది ఉన్నట్టుగా తీసుకుంటున్నానని రాసిన కాగితం మీద సంతకం పెట్టింది.

ఇంట్లో ఉండేది అక్కాచెల్లెళ్ళిద్దరే. అక్క కుట్టుపని చేసేది. ముందు గది నిండా ఆమె సామ్రాజ్యమే: కాలితో తొక్కే మిషను, గోనెసంచిలో గుడ్డముక్కలు, ఎక్కడ పెట్టిందో ఎప్పుడూ గుర్తుండని కత్తెర. బండి వచ్చిన మూడో వారం, కొండ మీది ఇంటికి కుట్టిన బట్టలివ్వాలని అక్క కూడా ఎక్కింది. అప్పుడే వాన వెలిసింది. ఏటవాలు మలుపులో వెనక చక్రాలు బురదలో గిర్రున తిరిగాయి తప్ప బండి కదల్లేదు. చెల్లెలు లీవరు లాగింది. ఆకుపచ్చ దీపం వెలిగింది. ముందు చక్రాల్లో మాత్రం చలనం లేదు. బండి వెనక్కి జారి, అడ్డం తిరిగి, అక్క కూర్చున్న వైపుకు కాలవలో ఒరిగిపోయింది.

అక్క మోకాలు నుజ్జయింది. రెండు ఆపరేషన్ల తర్వాత చేతికర్రతో నడక వచ్చింది గానీ ఆ కాలు ఇక వంగదు. వంగని కాలితో మిషను తొక్కడం కుదరదు.

బండిని లాక్కొచ్చి ముసలి మెకానిక్ షెడ్డులో పెట్టారు. ఆయన కిందికి దూరి, బయటికొచ్చి, చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు.

"ముందు షాఫ్టు లేదమ్మా."

"విరిగిందా?"

"విరగలేదు. అసలు లేదు. ఇంజన్ బలాన్ని ముందు చక్రాలకు తీసుకెళ్ళేది అదే. అరిగిపోయి చప్పుడు చేస్తుంటే విప్పేసి, ఆ గుర్తు కనపడకుండా నల్లరంగు కొట్టేశారు. దీపానికేముంది, లీవరు కదిలితే వెలుగుతుంది."

ఆమె తిన్నగా ఆవరణకు వెళ్ళింది. నవ్వులాయన అంతా విని, సానుభూతిగా కూడా నవ్వాడు.

"చూసుకుని కొనుక్కోవాల్సింది మీరే కదా మేడమ్. సంతకం కూడా మీదే."

చెల్లెమ్మ కాస్తా మేడమ్ అయిపోయింది. అయినా ఆమె గొంతు పెంచలేదు. "సరేనండి. చూడ్డం నేర్చుకుంటాను" అని వచ్చేసింది.

రెండేళ్ళు నేర్చుకుంది. ఆసుపత్రి నుంచి తిన్నగా షెడ్డుకు వెళ్ళి ముసలాయన పక్కన నేల మీద పడుకునేది. చిన్న సుత్తితో ఛాసిస్‌ను, అంటే బండి అడుగు చట్రాన్ని తడితే మంచి ఇనుము ఖంగుమంటుందని, తుప్పు తిన్నది మట్టిగోడలా దబ్బుమంటుందని చెవికి నేర్పింది. అయస్కాంతం అంటుకోని చోట రేకు లేదు, కన్నం పూడ్చిన పుట్టీ ఉందని తెలుసుకుంది. ఆయిల్ మూత అడుగున పాలు కలిపిన టీ రంగు కనిపిస్తే ఇంజన్‌లోకి నీళ్ళు పోతున్నట్టే. తన బండికి షాఫ్టు తనే బిగించుకుంది. బిగించిన ప్రతి బోల్టుకూ నవ్వులాయన ముఖం గుర్తొచ్చేది. అందుకేనేమో ఒక్కటీ వదులు కాలేదు.

ఆ తర్వాత ఆదివారాలు మొదలయ్యాయి. పాత బండి కొనబోతున్నవాళ్ళు ఊళ్ళో ఎవరున్నా వాళ్ళతో ఆవరణకు వెళ్ళేది. పైసా పుచ్చుకునేది కాదు. మొదట తీసుకెళ్ళినవాడు ఒక ఇటుకల వ్యాపారి. ఆమె బానెట్ ఎత్తకముందే దాని మీద చెయ్యి వేసి ఆగింది.

"మేమొచ్చేముందే స్టార్ట్ చేశారా?"

"ఊరికే, కాస్త వేడెక్కాలని" అన్నాడు నవ్వులాయన.

"చల్లగా ఉన్నప్పుడు పొగ కక్కుతుందని" అని ఆమె వ్యాపారికి అర్థం చెప్పింది. తర్వాత కిందికి దూరి సుత్తితో నాలుగు దెబ్బలు కొట్టింది. మూడోది దబ్బుమంది. నాలుగో దెబ్బకు సుత్తి లోపలికి దిగిపోయింది. వ్యాపారి ఆ కన్నంలో వేలు పెట్టి చూసి, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. నవ్వులాయన నవ్వు మొదటిసారి సగంలో ఆగిపోయింది. ఆ సగం నవ్వు ఆమెకు వారం రోజులు తిండిలా పనికొచ్చింది.

ఇంట్లో అక్క కంచం ముందేసుకుని కాచుక్కూర్చునేది. "ఇవాళ ఎన్ని బేరాలు చెడగొట్టావే?"

"రెండు."

"రెండేనా" అనేది గానీ, మారు వడ్డించుకునేది.

నవ్వులాయన ఊరుకోలేదు. ఆమెను లోపలికి రానివ్వొద్దని కాపలావాడికి చెప్పాడు. ఆమె గేటు బయటే నిలబడింది. ఆమెను ఎందుకు ఆపుతున్నారా అని కొనేవాళ్ళకు అనుమానమొచ్చి వాళ్ళూ లోపలికి పోవడం మానేశారు. నెల తిరక్కుండా గేటు తెరిచాడు. తర్వాత మోటారు బిగించిన కుట్టుమిషనొకటి ఆటోలో ఇంటికి పంపాడు. అక్క కర్ర ఊతంతో గుమ్మంలోకి వచ్చి, దాన్ని దించనివ్వలేదు.

"మిషను కాదయ్యా, కాలు పంపమన్నానని మీ సారుకు చెప్పు."

నాలుగేళ్ళు గడిచాయి. ఆవరణలో ముప్పై బళ్ళుండేచోట ఆరు మిగిలాయి. అప్పుడొక ఆదివారం, కొండ మీది బడిలో పంతులమ్మ ఒకావిడ ఆమెను వెంటబెట్టుకుని వచ్చింది. బూడిదరంగు బండి. ఇంజన్ చల్లగా ఉంది. నవ్వులాయన దూరంగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నవ్వలేదు, పొగడలేదు.

ఆమె కిందికి దూరింది. రంగు లేదు, ఉన్న తుప్పు ఉన్నట్టే పైపైన కనిపిస్తోంది. సుత్తితో ఎక్కడ తట్టినా ఖంగుమంది. జాకీ పెట్టి ముందు చక్రాలు తిప్పింది, షాఫ్టు తిరిగింది. వెనక ఆవరణలోని బురదగుంటలోకి తోలి లీవరు లాగింది. నాలుగు చక్రాలూ పట్టి బండిని పైకి లాక్కొచ్చాయి. తప్పు దొరకాలని ఆమె మరో గంట వెతికింది. చెడిపోయిందని ఒక్క మాటంటే చాలు, పంతులమ్మ నమ్మేస్తుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అంటే, ఆ పచ్చదీపానికీ తన నోటికీ తేడా ఉండదు.

"బాగుంది. తీసుకోండి" అంది. ఆ రెండు ముక్కలూ చేదుమాత్రలు మింగినట్టుగా అంది.

పంతులమ్మ కాగితాలు రాయించడానికి లోపలికి వెళ్ళాక నవ్వులాయన దగ్గరికొచ్చాడు.

"ఇప్పుడు విప్పి, బాగుచేయించి అమ్ముతున్నాను మేడమ్. ఇంక సరిపోయిందా?"

"లేదు. వచ్చే ఆదివారం కూడా వస్తాను. మీరు బతికున్నన్నాళ్ళూ వస్తాను."

ఆయన తల వంచుకున్నాడు. ఆమెకు జాలి కలగలేదు. కలుగుతుందేమోనని భయపడింది గానీ, కలగలేదు.

బండి పాసయిందని వినగానే అక్క చేతిలో ముద్ద కంచంలో వదిలేసింది. నాలుగు రోజులు చెల్లెలితో మాట్లాడలేదు. ఐదో రోజు వంటింటి గుమ్మం దగ్గరకొచ్చి నిలబడింది.

"వాడు మారాడంటావా?"

"మారడమేంటక్కా. భయపడ్డాడు."

"నువ్వు మానేస్తే?"

"మళ్ళీ మొదలెడతాడు."

అక్క కర్ర గోడకానించి, పీట లాక్కుని కూర్చుని, వంగని కాలును రెండు చేతులతో ముందుకు సర్దుకుంది.

"ఆ ముక్క ఆదివారమే చెప్పి ఏడవచ్చుగా" అంది. "నాలుగు రోజుల్నుంచీ సరిగ్గా తిన్లేదు. వడ్డించు."