మంచు బండి ఐలీ కక్ష

ఐలీ కెస్టిలా ముప్పై ఒక్క ఏళ్ళు ఎల్మ్ హార్బర్‌లో కౌంటీ మంచు బండి నడిపింది. అక్టోబరు చివర నుంచి మే మొదటి వారం దాకా రోడ్ల మీది మంచును పక్కకు తోయడమే ఆమె పని. పిల్లలు బడికి వెళ్ళినా, రోగులు ఆసుపత్రికి వెళ్ళినా ఆమె చేసిన దారినే. అయినా ఊళ్ళో సగం మందికి ఆమె పేరు తెలియదు. "మంచు బండి ఆవిడ" అనేవారు. ఆ మాట ఐలీకి ముల్లులా గుచ్చుకునేది గానీ పైకి అనేది కాదు. ఆమెది ఫిన్లాండ్ నుంచి వలస వచ్చిన కుటుంబం. ఫిన్నిష్ వాళ్ళు మనసులో మాటలు ఆవిరి స్నానాల గదిలోనే చెప్పుకుంటారు. అక్కడ కూడా అన్నీ చెప్పుకోరు.

ఉద్యోగం అయిపోయిన ఏడాది పాత కెమెరా ఒకటి కొనుక్కుని, గ్రంథాలయంలో గురువారం గురువారం జరిగే ఫొటో పాఠాలకు చేరింది. పాఠాలు చెప్పేది రాడ్నీ ట్రెవారో. గనుల కాలంలో రాడ్నీ తాత కూలీల మీద పెత్తనం చేసే గని కెప్టెన్, ఐలీ తాత రాగి రాళ్ళ బండి తోసిన కూలీ. ఆ సంగతి ఇక్కడెవరూ మర్చిపోలేదు. మర్చిపోయినట్టు నటిస్తారు.

ఒక్క మాట ఒప్పుకోవాలి. రాడ్నీ పాఠం బాగానే చెప్పేవాడు.

"లెన్స్‌లో ఉండే రంధ్రం కిటికీ లాంటిది. అంకె పెరిగేకొద్దీ కిటికీ చిన్నదవుతుంది. పదహారు పెట్టారనుకోండి, కాళ్ళ దగ్గర రాయి నుంచి కనుచూపు మేర ఓడ దాకా అన్నీ తేటగా వస్తాయి. వెలుతురు తగ్గుతుంది కాబట్టి షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉండాలి. చెయ్యి వణికిందా, బొమ్మ అలుక్కుపోతుంది. స్టాండు వాడండి."

"అంకె పెరిగితే రంధ్రం చిన్నదవడమేమిటి? ఏ మహానుభావుడి తెలివి ఇది?" అంది ఐలీ.

"ఇది మంచు బండి గేరు కాదమ్మా ఐలీ," అన్నాడు రాడ్నీ. గదంతా నవ్వింది. ఐలీ పుస్తకంలో పదహారు అని రాసుకుని కింద రెండు గీతలు గీసింది.

జనవరిలో నీళ్ళు గడ్డకట్టి ఓడలు ఆగిపోయే వారం వచ్చింది. ఐలీ రేవు గట్టు చివరిదాకా నడిచింది. అక్కడి దీపస్తంభం నిలువెల్లా మంచుగడ్డ కట్టి ఉంది. ఆ గాలిలోనే, ఎవరూ చెయ్యకూడని పని చేసింది. లెన్స్ మార్చడానికి కెమెరా నోరు తెరిచిపెట్టి, లోపల పడిన మంచును ఉన్ని చేతితొడుగు కొసతో తుడిచింది. తర్వాత స్టాండు బిగించి, పదహారు పెట్టి, ఊపిరి బిగపట్టి నొక్కింది. కెమెరా తెర మీద చూసుకుంది: ఎర్రటి పొద్దు, తెల్లటి స్తంభం, వెనక ఆ చలికాలానికి ఆఖరి ఓడ. పైన కుడివైపు మూల ఒంటరి పక్షి ఒకటి రెక్కలు చాచి ఉంది. అదెప్పుడు వచ్చిందో, తీసేటప్పుడు ఐలీ చూడనేలేదు. తన జన్మకు ఈ ఒక్క ఫొటో చాలనుకుంది.

గురువారం నాడు ఫొటోలున్న మెమరీ కార్డు రాడ్నీ చేతికిచ్చింది. అందరి కార్డులూ ఇంటికి తీసుకెళ్ళి తప్పులు చూసి తేవడం అతని అలవాటు. మరుసటి వారం అతను మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"కార్డు పాడైపోయిందమ్మా. ఎంత ప్రయత్నించినా ఒక్క ఫొటో కూడా రాలేదు. మొత్తం తుడిచి కొత్తదానిలా చేసి తెచ్చాను. ఇకనుంచి ప్రతి ఫొటో రెండు చోట్ల దాచుకో. మొట్టమొదటి పాఠం అదే."

ఐలీ థాంక్స్ కూడా చెప్పింది. ఆ తర్వాత నాలుగు రోజులు అన్నం సయించలేదు.

ఆగస్టులో కౌంటీ జాతర వచ్చింది. ఫొటోల డేరాలోకి అడుగుపెట్టిన ఐలీకి ఎదురుగా తన దీపస్తంభం కనబడింది. పైన మొదటి బహుమతి నీలం రిబ్బన్. కింద రాడ్నీ ట్రెవారో అన్న పేరు. పక్కనే రాడ్నీ నిలబడి పత్రిక అమ్మాయితో అంటున్నాడు: "ఆ పక్షి కోసం రెండు గంటలు కాచుకున్నాను. కాళ్ళు కొయ్యబారిపోయాయనుకో. కళంటే ఓపికే."

తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే.

"అది నా ఫొటో," అంది ఐలీ.

రాడ్నీ జాలిగా నవ్వాడు. "ఆ స్తంభాన్ని ఊళ్ళో అందరూ తీస్తారమ్మా. నీదైతే నీ దగ్గర ఉండాలిగా, చూపించు."

ఏముంది చూపించడానికి? నవంబరులో కౌంటీ క్యాలెండరు అచ్చయింది. దాని మీదా ఆ ఫొటోయే, ఆ పేరే. పోస్టాఫీసులో అదే, దంతవైద్యుడి దగ్గర అదే. చివరికి పినతల్లి కూతురు సిల్వి వంటింట్లో కూడా అదే వేలాడుతోంది.

"వదిలెయ్యవే. వాడి సంగతి దేవుడు చూసుకుంటాడు," అంది సిల్వి, మాంసం కజ్జికాయల అంచులు నొక్కుతూ.

"దేవుడికి బోలెడు పనులుంటాయి. వీడి సంగతి నేను చూసుకుంటాను. ముందా క్యాలెండరు తీసి అవతల పారెయ్యి."

"తేదీలు చూసుకోవద్దూ?"

ఐలీ గురువారం పాఠాలు మానలేదు. పైగా ముందు వరసలోకి మారింది. రాడ్నీ చెప్పిన ప్రతి ముక్కా నోట్లో వేసుకుని నమిలింది. వాడి విద్యతోనే వాడిని పట్టాలన్నది ఆమె పంతం. ఎలాగో తెలియదు. దారి తెలియని పగ మరీ మండిస్తుంది. పొద్దున్న లేస్తే అదే, పడుకోబోతే అదే.

ఫిబ్రవరిలో ఒకరోజు సిల్వి వంటింట్లో కెమెరాను స్టాండు మీద పెట్టి, పదహారు అంకెతో ఖాళీ గోడను తీసి చూస్తోంది. మసక వెలుతురులో ఎంతసేపు తెరిచి ఉంచాలో నేర్చుకోవడం ఆమె ఉద్దేశం. కంప్యూటరులో పెద్దది చేసేసరికి గోడ మీద, పైన కుడివైపు, పక్షి ఒకటి రెక్కలు చాచి ఉంది.

"ఇదేమిటే, నీ వంటింట్లో పక్షి?" అంది ఐలీ.

"పక్షీ లేదు గిక్షీ లేదు. గోడ తెల్లగానే ఉందిగా!"

ఐలీ గబగబా పాత ఫొటోలు తిరగేసింది. చర్చి మీద పక్షి. గడ్డి గోదాము మీద పక్షి. సిల్వి నెత్తి మీద పక్షి. కొలబద్ద తెచ్చి క్యాలెండరు మీద పెట్టి చూసింది. కుడి అంచు నుంచి వెడల్పులో అయిదో వంతు, పై అంచు నుంచి ఎత్తులో నాలుగో వంతు. అన్నిట్లోనూ అంతే. ఐలీ నవ్విన నవ్వుకి సిల్వి భయపడి స్టవ్వు ఆపేసింది.

పక్క ఊరి కెమెరా బాగుచేసే అతను లోపలికి తొంగిచూసి చెప్పాడు. "లోపల బొమ్మ పడే సెన్సార్ మీద ఉన్నిపోగు పడిందండి. రంధ్రం బాగా చిన్నది చేసినప్పుడే ఫొటోలో తేలుతుంది. కూర్చోండి, రెండు నిమిషాల్లో తీసేస్తాను."

"దాన్ని ముట్టుకున్నావంటే నీ వేళ్ళు విరుస్తాను," అంది ఐలీ.

ఏప్రిల్‌లో గ్రంథాలయంలో ఏటేటా జరిగే ప్రదర్శన. ఒక్కొక్కరు పది ఫొటోలు తెర మీద చూపాలి. జాతర కమిటీ పెద్ద బెరిల్ పాస్కో ముందు కూర్చుంది. ఐలీ లేచి గోదాము ఫొటో వేసింది.

"పైన పక్షిని గమనించండి," అంది. తర్వాత చర్చి. "ఇక్కడా గమనించండి." తర్వాత సిల్వి. తర్వాత ఖాళీ గోడ. వెనకనుంచి ఎవరో కిసుక్కుమన్నారు. తొమ్మిదో ఫొటో ఐలీ బాత్‌రూమ్ తలుపు. అక్కడా పక్షి ఎగురుతోంది. జనం పొట్టలు పట్టుకున్నారు. పదో ఫొటో క్యాలెండరు బొమ్మ. నవ్వు ఆగిపోయింది.

"ఇది నా కెమెరాలో పడిన ఉన్నిపోగు. రాడ్నీ, దీనికోసం నువ్వు రెండు గంటలు కాచుకున్నావు కదూ? కాళ్ళు కొయ్యబారాయి కదూ?"

"నేనెవరి కార్డూ దొంగిలించలేదు!" అని అరిచాడు రాడ్నీ.

కార్డు మాట అప్పటిదాకా ఎవరూ ఎత్తలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం ఐలీ కళ్ళారా చూసింది. ఎనిమిది నెలలుగా గుండెల మీదున్న బండరాయి దిగి అతని మీద కూర్చుంది.

బెరిల్ పాస్కో గొంతు సవరించుకుంది. "ఫొటో నీదే ఐలీ. కానీ మచ్చ పడిన ఫొటోకి బహుమతి ఇవ్వకూడదని మా నియమం. రిబ్బన్ రెండో స్థానంలో ఉన్న మేక ఫొటోకి పోతుంది."

"చూశావా, నీ కళ్ళు నువ్వే పొడుచుకున్నావు," అని సిల్వి గొణిగింది.

"మేకకే ఇవ్వండి. నాకు నా పేరు కావాలి," అంది ఐలీ. "మూడు వందల ఇళ్ళలో క్యాలెండర్లున్నాయి. ప్రతి ఇంటికీ ఈయనే వెళ్ళి, ఈయన చేత్తోనే తన పేరు మీద నా పేరు అంటించాలి. లేదంటే కోర్టులో కలుద్దాం."

రాడ్నీ ఒప్పుకున్నాడు. ఒప్పుకోక చస్తాడా? మూడు వారాలు, మంచు కరిగిన బురదలో, చీటీల కట్ట పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. ఐలీ తన ట్రక్కులో వెనకే వెళ్ళి, ప్రతి వీధి మొగలో ఆగి చూసింది. ఏ ఇల్లూ ఎగ్గొట్టడానికి వీల్లేదు. ఆ దారులన్నీ ఆమెకు కొట్టినపిండి. పిల్లలు అతన్ని చూసి చేతులు రెక్కల్లా ఆడించేవారు. ఐలీ వాళ్ళకి బిస్కెట్లు పెట్టేది.

ఆఖరి ఇల్లు రాడ్నీదే. అతను కారు దిగలేదు. ఐలీ వెళ్ళి అద్దం మీద తట్టింది.

"ఇంకొకటి మిగిలింది."

"ఐలీ గారూ, లోపల మా అమ్మ ఉంది. తొంభై నిండాయి. రోజూ కాఫీ తాగుతూ ఆ ఫొటోనే చూస్తుంది, మా వాడు తీశాడని. ఈ ఒక్కటీ వదిలెయ్యండి. మీకు దణ్ణం పెడతాను."

మొట్టమొదటిసారి గారూ అన్నాడు, మీరు అన్నాడు. ఐలీ అది విన్నది.

"అంటించు," అంది.

అతను లోపలికి వెళ్ళాడు. ఐలీ వసారాలో, తెరిచిన తలుపు దగ్గర నిలబడింది. ముసలావిడ కళ్ళద్దాలు సర్దుకుని కొత్త చీటీని ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివింది.

"ఐలీ కెస్టిలా. ఎవర్రా ఈవిడ?"

రాడ్నీ చీటీ అంచు మరోసారి నొక్కాడు. "ఆ ఫొటో తీసినావిడ, అమ్మా," అన్నాడు.

ముసలావిడ కొడుకు వైపు చూసింది, క్యాలెండరు వైపు చూసింది, కాఫీ కప్పు పక్కకు జరిపింది. ఐలీ తన మనసులో జాలి పుడుతుందేమోనని కాసేపు అక్కడే ఆగి చూసుకుంది. పుట్టలేదు. మెట్లు దిగి ట్రక్కెక్కింది.