దిగేటప్పుడే భయం

హన్మకొండ పార్కులో జెయింట్ వీల్ ఎక్కగానే ఇరుసు గ్రీజు వాసన గుప్పుమంది. మా ఊరి జాతర రంగులరాట్నం గుర్తొచ్చింది, దాన్ని మనుషులే చేతులతో తిప్పేవాళ్లు.

చిన్నప్పుడు ఒక జాతర రోజు నేను దాని పైన ఉన్నాను. కింద నాన్నా పెదనాన్నా, మొక్కు తీర్చి కోసిన యాట మేక తలకాయ ఎవరింటికి పోవాలని కొట్లాడుకుంటున్నారు. కిందికి వచ్చేసరికి నాన్న చొక్కా చిరిగిపోయింది.

"ఆపుండ్రి, మా నాయినను కొడుతాండు!" అని అరిచాను.

రాట్నం తిప్పేవాళ్లు కొట్లాట చూస్తూనే తిప్పుతున్నారు. నేను మళ్లీ పైకి పోయాను. మళ్లీ దిగేసరికి యాటను కోసిన కత్తి నాన్న భుజంలో దిగి ఉంది. పెదనాన్న ఆ యాట తలకాయను చంకలో పెట్టుకుని వెళ్లిపోతున్నాడు.

ఇవాళ పైన నా కూతురు నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, భయమైతాందా?"

"పైన భయం లేదు బిడ్డా. దిగేటప్పుడు జర నా కండ్లు ముయ్యి."