ముద్దకో కేక

బడి వంటశాలలో వంట చేసే ఆవిడ నోరు విప్పితే వీధి చివర పడుకున్న కుక్క కూడా లేచి కూర్చునేది. అందుకే పిల్లలు ఆవిడకు మైకమ్మ అని పేరు పెట్టారు. కోపం వచ్చిందా అంటే, అబ్బే, లోలోపల మురిసిపోయేది. మధ్యాహ్నం గరిటెతో డేగిసా మీద నాలుగు బాది, "అన్నం రెడీ! ఆలస్యంగా వస్తే అడుగుమాడే గతి!" అని ఒక్క కేక పెడితే లెక్కల క్లాసు మధ్యలోనే సగంమంది లేచిపోయేవాళ్లు. లెక్కల మాస్టారు పళ్లు నూరేవాడు. అందరికంటే ముందు కంచం పట్టుకుని నిలబడేది కూడా ఆయనే అనుకోండి.

అలాంటి బడిలోకి ఒక ఉదయం కొందరు దుర్మార్గులు తుపాకులతో చొరబడ్డారు. వాళ్ల చేతులు పడిపోను! పిల్లలు పోయారు, ఒక టీచరమ్మ పోయింది. అంతకంటే చెప్పడానికి నోరు రాదు. మైకమ్మ దొరికినవాళ్లను దొరికినట్టు బియ్యం గదిలోకి లాగి గడియ పెట్టింది. వాళ్లలో ఎనిమిదో తరగతి చదివే సొంత మనవరాలు కూడా ఉంది.

బడి మళ్లీ తెరిచాక, పిల్లల మనసులు చూసే డాక్టరమ్మ వచ్చి, "హఠాత్తుగా చప్పుళ్లు చేయకండమ్మా, పిల్లలు బెదిరిపోతారు" అని చెప్పింది. మంచి మాటే. కానీ మైకమ్మకు ఏ పనైనా సగంలో ఆపడం చేతకాదు కదా! మూతల అంచులకు పాత గుడ్డలు చుట్టింది. కుర్చీల కాళ్లకు మేజోళ్లు తొడిగింది. మాస్టారికి తుమ్మొస్తుంటే పరుగున వెళ్లి ఆయన ముక్కు పట్టుకుంది. వడ్డన మొత్తం సైగలతోనే. ఆ సైగలు అంతుపట్టక మాస్టారు చాలా రోజులు ఉప్పు అడగలేక చప్పటి కూరే తిన్నాడు పాపం.

ఇంత చేసినా మనవరాలు బడిలో కంచం ముట్టదు. గోడకు ఆనుకుని తలుపువైపే చూస్తూ కూర్చుంటుంది. తక్కిన పిల్లలు కూడా నాలుగు మెతుకులు కెలికి లేచిపోతున్నారు. "దీన్ని బడి మాన్పించేస్తానమ్మా, ఎన్నాళ్లని పస్తులుంచను?" అని కూతురు తేల్చేసింది. మైకమ్మకు తెలుసు, ఒకసారి ఇల్లు పట్టిందంటే ఆ పిల్ల ఇక గడప దాటదు.

మర్నాడు మనవరాలి పక్కన చతికిలబడి చెవిలో గుసగుసలాడింది. "ఒక్క ముద్ద తినవే బంగారం. చూడు, చీమ చిటుక్కుమనకుండా చూసుకుంటున్నానా లేదా?"

"అదే భయం అమ్మమ్మా."

"ఏదే?"

"ఆ రోజు నా నోరు మూసి, కిక్కురుమనొద్దన్నావ్. వాళ్లు బయటే ఉన్నారన్నావ్. ఇప్పుడూ నువ్వు అరవట్లేదు. అంటే ఇంకా ఉన్నారా?"

మైకమ్మ పిల్లల్ని కాపాడుతున్నాననుకుంటూ ఇన్నాళ్లూ వాళ్లను ఆ బియ్యం గదిలోనే కూర్చోబెట్టింది! లెంపలు వాయించుకోవాలనిపించింది. కళ్లు తుడుచుకుని, ముక్కు చీది, లేచి నిలబడింది.

"పిల్లలూ, మైకమ్మ అరవబోతోంది! చెవులు మూసుకునేవాళ్లు మూసుకోండి. మాస్టారూ, మీకూ చెప్తున్నా!"

వాడకం తప్పిన గొంతు మొదట కీచుమంది. పిల్లలు కిసుక్కుమన్నారు. రెండోసారి మాత్రం కిటికీలు అదిరాయి.

"ఎవరూ లేరర్రా! బయట ఎవరూ లేరు! తినండి!"

అంత ముందుగా చెప్పినా ఇద్దరు పిల్లలు బల్ల కిందకు దూరారు. మాస్టారు తన కంచంతో సహా వెళ్లి వాళ్ల పక్కనే కింద కూర్చున్నాడు. మనవరాలు తలుపు మీంచి చూపు తిప్పింది. కంచం దగ్గరకు లాక్కుని ఒక ముద్ద కలిపింది. నోట్లో పెట్టుకోలేదు.

"ఇంకోసారి చెప్పు అమ్మమ్మా."

మైకమ్మ మళ్లీ అరిచింది. ముద్ద లోపలికి వెళ్లింది. రెండో ముద్ద కలిపి, ఆ పిల్ల మళ్లీ ఆగి అమ్మమ్మ మొహంలోకి చూసింది. కంచం ఖాళీ అయ్యేసరికి మైకమ్మకు గొంతు పూర్తిగా పోయింది.