పదిహేనో పేజీ

ఈ రోజు మృగశిర కార్తె మొదలు. మా వకీలు పోయి పదకొండు రోజులు. విత్తనం పడేలోపల నేను చెప్పి తీరవలసిన మాట ఒకటి మిగిలి ఉంది కనుక పత్రికకు ఇప్పుడే రాస్తున్నాను.

కబురు తెచ్చింది కింది చేను మాబున్ని. ఆ రోజు పొద్దున్నే వచ్చి గడప దగ్గరే నిలబడింది. "టీచరమ్మా, మన వకీలన్న పోయినాడంట. గుండె ఆగిపోయిందంట." కొంగుతో ముఖం తుడుచుకుని, "ఇంగ నా వంక నీళ్ల సంగతి ఎవరు అడుగుతారో" అంది. ఆమె అడిగినదానికి జవాబు రెండేళ్లుగా నా వెనక బల్ల మీదే ఉంది.

అతను మా బెళుగుప్ప బడిలో నా దగ్గర లెక్కలు చదువుకున్నాడు. అప్పట్లో 'వాడు' అనేదాన్ని, నల్లకోటు వేసుకున్నాక 'అతను' అయ్యాడు. గాలిమరల ఒప్పందాలు, కరెంటు తీగలు పోయే దారి హక్కులు, విద్యుత్ నియంత్రణ మండలి ముందు విచారణలు అతని పని. మొదట్లో కంపెనీల తరఫునే వాదించాడు. ఆ కాగితాలను రైతులకు విప్పి చెప్పేవాళ్లు లేరని తెలిశాక, ప్రతి ఆదివారం గుంతకల్లు నుంచి బస్సులో వచ్చి మా ఊరి జిరాక్సు అంగడిలో కూర్చునేవాడు.

అతని పద్ధతి ఒకటే. ముందు పటం, తర్వాత మాట. పటాన్ని బల్ల మీద పరిచి, సూర్యుడు పొడిచే దిక్కుకు సరిగ్గా తిప్పేవాడు. జేబులోంచి వేరుశనగ కాయలు తీసి బావి ఉన్నచోట ఒకటి, వేపచెట్టు ఉన్నచోట ఒకటి పెట్టేవాడు. ఆ తర్వాత కాగితం చదివి, విన్నది తిరిగి చెప్పించేవాడు. చెప్పలేకపోతే సంతకం లేదు.

ఒక ముసలాయనను ఇలాగే అడగడం నేను విన్నాను.

"వాన పడితే నీ చేన్లో నీళ్లు యాడికి పోతాయన్నా?"

"యాడికి పోతాయి, పల్లానికే పోతాయి! ఆ మాత్రం తెలీదా? ఏం వకీలప్పా నువ్వు!"

అంగడంతా నవ్వింది. అతనూ నవ్వాడు. "నాకు తెలుసన్నా. కాగితానికి తెలీదు. దానికి మనమే చెప్పాల."

మా మెట్ట చేన్లో గాలిమరకు చోటు, దానికి రోడ్డు కావాలని కంపెనీవాళ్లు వచ్చినప్పుడు అతనే మా ఇంటికి వచ్చాడు.

"ఒక్క గంట టీచర్. పటంతో మొదలుపెడదాం."

"నేను చదువుకోలేనా?"

"చదువుతారు. చదివింది చెప్పాల కదా."

"నా దగ్గర చదువుకున్నవాడికి నేను పాఠం అప్పజెప్పాలా?"

"ఆ పద్ధతి మీదే కదా టీచర్! అప్పజెప్పందే మమ్మల్ని ఇంటికి పోనిచ్చినారా ఎప్పుడైనా?"

ఆ మాటకు నాకు ఇంకా కోపం వచ్చింది. అతన్ని మజ్జిగ ఇచ్చి పంపేశాను. ఒప్పందం పద్నాలుగు పేజీలు. రెండుసార్లు చదివాను. ఇంగ్లీషులో ఒక అక్షరదోషం కనబడితే ఎర్రసిరాతో దిద్దాను కూడా. పదిహేనో పేజీ పటం. అందులో చదవడానికి ఏముందని, చూడకుండానే దాని మీదా సంతకం పెట్టాను.

ఆ పటంలో మా చేనుకు అడ్డంగా పోయే వాననీటి వంక లేదు. వంక మీదుగా రోడ్డు గీత మాత్రం ఉంది.

రోడ్డును నడుమెత్తు లేపారు. కింద నీళ్లు పోయేందుకు మోరీ వేయలేదు. మొదటి పెద్దవానకు మా మెట్ట నీళ్లు వంకలోకి దిగి మాబున్ని కుంటకు చేరకుండా, రోడ్డు వెంబడి తిరిగి ఎటో పోయాయి. కాయ పట్టే ఊడలు నేలలోకి దిగే వేళకు ఆమె వేరుశనగ వాడిపోయింది. ఆ ఏడు ఆమె తాడిపత్రిలో బండల పాలిష్ పనికి పోయింది.

మాబున్ని తరఫున అతను కలెక్టరాఫీసులో అర్జీ వేశాడు. పటంలో వంక లేదు, పటం మీద భూమి యజమాని సంతకం ఉంది అన్నారు కంపెనీవాళ్లు. అప్పుడు అతను ఒక అఫిడవిట్ రాసుకుని నా దగ్గరకు వచ్చాడు. పటం చూడకుండా సంతకం చేశాననీ, ఆ వంక మా చేన్లో మొదటినుంచీ ఉందనీ అందులో ఉంది.

"చూడకుండా ఏదీ రాయొద్దని ముప్పై ఏళ్లు చెప్పినదాన్ని. ఇప్పుడు నేనే చూడలేదని రాసిస్తే ఊర్లో తలెట్ల ఎత్తుకోవాల?" అన్నాను.

అతను వాదించలేదు. కోర్టులో అంత వాదించే మనిషి! అఫిడవిట్‌ను నా బల్ల మీద పెట్టి, దానిపై పటం నకలు పరిచి, వంక ఉండవలసిన చోట ఒక కాయ పెట్టి, "ఈడ ఉండనీ టీచర్" అని వెళ్లాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు వచ్చినా బల్ల వైపు ఒకసారి చూసేవాడు, మజ్జిగ తాగేవాడు, వానల సంగతి మాట్లాడేవాడు. మళ్లీ అడగలేదు. మరో రెండు వానకాలాలు గడిచాయి. ఆ కాగితం ఎక్కడ ఆగిందో అతను మాబున్నికి చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

నిన్న గుంతకల్లు వెళ్లాను. అతని దగ్గర పనిచేసిన అమ్మాయి, ఆమె కూడా వకీలే, మాబున్ని ఫైలు నా చేతికిచ్చింది. అట్ట లోపల పెన్సిలుతో అతని రాత: 'టీచర్‌ను మళ్లీ అడగొద్దు. ఆమే పిలుస్తారు.' కింద రెండు గీతలు. లెక్క సరిపోయిందని తేలాకే జవాబు కింద రెండు గీతలు గీయాలని నేర్పింది నేనే.

ఇక జరగవలసినవి:

1. ఇది అచ్చయ్యేలోపల మాబున్ని ఇంటికి వెళ్లాలి. రెండేళ్లు ఆ కాగితం ఎవరి బల్ల మీద ఉందో నా నోటితో చెప్పాలి. ఆమె ఏమన్నా వినాలి.

2. సోమవారం ఆ వకీలమ్మాయి అఫిడవిట్ చదువుతుంది. నేను తిరిగి అప్పజెప్పాలి. పటంతో సహా. తర్వాతే సంతకం.

3. విత్తనం పడేలోపల కంపెనీవాళ్లచేత మోరీ వేయించాలి. వేసేటప్పుడు నేను అక్కడ నిలబడి ఉండాలి.

4. మొదటి వానకు రోడ్డు కింది వైపు నిలబడి నీళ్లు వస్తున్నాయో లేదో చూడాలి. అంతదాకా ఆ కాయను పటం మీంచి తీయను. లోపలి గింజ ఎండిపోయింది. బల్ల కదిలితే గలగలమంటుంది.