సొట్ట గిన్నెల్లో ఒకటి

మా అమ్మాయి చదివే గుంటూరు కాలేజీలో ఇంటి సామాన్లతో దరువులు వేసే ప్రదర్శన పెట్టారు. వాయించేవాళ్ళలో అమ్మాయి కూడా ఉంది. చూడటానికి వచ్చేవాళ్ళు తలా ఒక గిన్నె తేవాలట. నా భర్త పోయి అప్పటికి ఏడాది. ఆయన పొలానికి అన్నం పట్టుకెళ్ళే స్టీలు గిన్నె అటక మీద ఉంటే, అదే తీసి సంచిలో వేసుకున్నాను. ఎందుకు అదే తీశానో తెలియదు. ఆ ఏడాదంతా పనులన్నీ అలాగే చేశాను.

ప్రత్తిపాడు దాటి మా ఊరు. నాకు తోడుగా మా ఆడపడుచు వచ్చింది. గేటు దగ్గరే గిన్నెలు తీసుకుని లోపలికి పట్టుకుపోయారు.

బకెట్లు బోర్లించి కర్రలతో కొట్టారు. పళ్ళేల అంచుల మీద, మేం తెచ్చిన గిన్నెల మీద గరిటెలతో వాయించారు. చాటల్లో ఎండు మిరపకాయలు పోసి చెరుగుతుంటే లోపలి గింజలు గలగలమన్నాయి. ముందు వరసలో ఎవరో తుమ్మారు. మాకు ఆ ఘాటు తెలియలేదు. ఎండాకాలమంతా మేం మిరపకాయల ముచ్చికలు తీసే పనికే పోతాం.

"ఇంట్లో గిన్నె చప్పుడు చేస్తే మా అమ్మ వీపు వాయించేది. వీళ్ళకేమో చప్పట్లు కొడుతున్నారు చూడు వదినా," అంది ఆడపడుచు.

చుట్టుపక్కల వాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆయన కూడా అన్నం కోసం కూర్చున్నప్పుడు ఆ గిన్నె మీద వేళ్ళతో వాయించేవాడు. ఇక్కడ దాన్ని వాయిస్తే ఆ చప్పుడు గుర్తొస్తుందని, ఏడుపు వస్తుందని అనుకున్నాను. ఏమీ రాలేదు. చెవులు విన్నాయి, అంతే. కాసేపటికి ఆ గిన్నె మిగతావాటిలో కలిసిపోయి కనపడకుండా పోయింది.

అయిపోయాక గిన్నెలన్నీ బల్ల మీద కుప్పగా పోశారు. నేను సొట్ట కోసం వెతికాను. మా గిన్నెల మీద పేర్లు చెక్కించి ఉన్నా, ఏ పెళ్ళిలో కలిసిపోయినా నేను సొట్టను బట్టే పట్టుకునేదాన్ని. ఆయన గిన్నె ఒకసారి సైకిల్ మీద నుంచి పడి, అంచు దగ్గర నొక్కుకుపోయింది. అదే నా గుర్తు. ఇప్పుడు కుప్పలో ప్రతి గిన్నెకీ సొట్టలే. పోయిందేమో అనుకున్నాను.

బల్ల దగ్గరున్న పిల్ల, గిన్నె మీది పేరు చెబితే తను వెతికి ఇస్తానంది. మా ఇళ్ళల్లో ఆడవాళ్ళం భర్త పేరు పలకం. ముప్పై ఏళ్ళూ నేను "ఏమయ్యా" అనే పిలిచాను. ఆస్పత్రిలో అడిగినా, పంచాయతీ ఆఫీసులో మరణం రాయించినప్పుడు అడిగినా, ఆడపడుచే చెప్పింది. ఆమె కోసం చూశాను. అవతల టీ తాగుతోంది. అమ్మాయి ఇంకా లోపలే ఉంది. నేనే వెతుక్కుంటానన్నాను.

ఒక్కో గిన్నె వెలుతురుకు తిప్పి, చుక్కలు చుక్కలుగా చెక్కిన అక్షరాల మీద వేలు పెట్టాను. మా చర్చిలో సాయంత్రాలు పెద్దవాళ్ళకు చెప్పే చదువులో రెండేళ్ళ కిందట అక్షరాలు నేర్చుకున్నాను. పైకి పలికితే తప్ప నాకు చదవడం రాదు. ఎవరెవరివో పేర్లు చదివాను. అవన్నీ పక్కన పెట్టాను. ఆ తర్వాతి గిన్నె మీద ఒక అక్షరం, ఇంకో అక్షరం పలికాను. ఏం పలుకుతున్నానో తెలిసేలోపే పేరు పూర్తయిపోయింది.

ఆడపడుచు గ్లాసు పట్టుకుని నా వెనకే నిలబడి ఉంది.

"ఏంది వదినా, మా అన్నని పేరు పెట్టి పిలిచావు?"

"గిన్నె మీద ఉంది. చదివాను."

బస్సులో ఆడపడుచు గిన్నె నా ఒళ్ళోంచి తీసుకుని, ఎక్కడుందో చూపించమంది. ఆమెకు చదువు రాదు. ఆమె వేలు పట్టుకుని అక్షరాల మీద నడిపిస్తూ మళ్ళీ చదివాను. ఈసారి తెలిసే పలికాను. అప్పుడూ ఏడుపు రాలేదు.

దెబ్బలకి గిన్నె అడుగు ఉబ్బింది. ఇంటికొచ్చి అందులో అన్నం పెట్టుకుంటే ఒక పక్కకు ఒరిగింది. ఎడమచేత్తో పట్టుకుని తిన్నాను.