నాట్లయ్యేదాకా దాచిన మాట

నాలుగేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. సంతకం తప్ప నాకు రాత రాదు. అందుకే చెబుతున్నాను, రాసేవాళ్లు రాస్తున్నారు. చదివే తల్లీ, నా పేరు మాత్రం అడగవద్దు.

రత్నమ్మ నా తోడికోడలు. మాది బళ్లారి జిల్లా ఎమ్మిగనూరు. నా భర్త పోయాక నాకు తోడు ఆమే. ఆమె మొగుడు, మా మరిది, కూరెకుప్ప దగ్గర ఖనిజం టిప్పరు తోలుతూ వారానికొకసారి వచ్చేవాడు. మడి పని మా ఇద్దరిదే.

ఆమె రొమ్ములో చింతగింజంత గడ్డ కనబడింది. బళ్లారిలో ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం వచ్చిన రోజు ఆమెను బయట బెంచీ మీద కూర్చోబెట్టి, పెద్దదాన్నని నన్ను లోపలికి పిలిచాడు డాక్టరు.

"క్యాన్సరమ్మా. అది చుట్టూ ఉండే మంచి కండను గూడా తన పనికి పెట్టుకుంటాది. నాటేముందు మీరు మడి దమ్ము చేస్తారు గదా? అట్లే, అది ఒళ్లంతా పాకకముందే ఎముకలోనో ఊపిరితిత్తిలోనో చోటు మెత్తగ చేసుకుంటాది. ఈ వారమే ఆపరేషన్‌కు చేర్పించండి."

ఇంటి దగ్గర నారు ముదురుతోంది. కాలువ నీళ్లు వచ్చాయి. మా ఊళ్లో నాట్లకు ముయ్యి పద్ధతి: మేం వాళ్ల మడిలో నాటితేనే వాళ్లు మా మడిలోకి దిగుతారు. ఇద్దరం ఆసుపత్రిలో కూర్చుంటే మా మడి బీడే. నేను ఆలోచించింది అదే. ఆమె గురించి ఆలోచించానా? ఆలోచించాను. ఆలోచించి కూడా దాచాను.

"ఏమన్యాడక్కా?"

"ఏం ల్యా. నాట్లయినాంక రమ్మన్యాడు."

"నేను చెప్పలే? ఈ గడ్డ నీ మాదిరే మొండిది, యాడికీ పోదులే!" అని పకపకా నవ్వింది.

మూడు వారాలు నాటాం. ఆమె బురదలో వంగినప్పుడల్లా ఆ నడుము వైపే చూసేదాన్ని. లోపల ఎక్కడ దమ్ము జరుగుతోందో అని. అయినా తర్వాతి నారు కట్ట అందించేదాన్ని.

తర్వాత ఆపరేషన్ అయింది. ఏడాదికి క్యాన్సర్ వెన్నెముకలో తేలింది. ఆ మూడు వారాల వల్లేనా అని డాక్టరును అడిగాను. చెప్పలేమన్నాడు. అవునంటే ఏడ్చేదాన్ని, కాదంటే నిద్రపోయేదాన్ని.

రత్నమ్మ పోయేముందు మరిదితో అంది: "అక్క లేకుంటే నన్ను బళ్లారికి ఎవరు తోడుకపోతాండ్రి?"

మరిది ఇప్పటికీ నాకు పెట్టకుండా తాను తినడు.

ఆ మంచి కండ గురించే ఆలోచిస్తుంటాను. దానికి తెలియదు పాపం, పక్కనుండి సాయం చేసింది. నేనూ ఆమె పక్కనే ఉన్నాను. నాకు తెలుసు.

రాసింది చదివించుకుని విన్నాను. ఒక్క మాట కూడా కొట్టెయ్యవద్దన్నాను.